మండుటెండలో ఉన్ని టోపీ

ఆ ఎండాకాలం నా మాజీ భర్త తనకు తెలియకుండానే నాకొక మేలు చేశాడు. కాపురం చేసినన్నాళ్లూ చెయ్యనిది. ఆ మేలు నాదాకా రాలేదు.

దారిలో ఆపింది పగవాళ్లెవరో కాదు. మా అక్క. అదీ నామీద ప్రేమతో.

అతనికి డ్రైవింగ్ స్కూలు ఉంది. నేర్పే కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. స్టీరింగ్ పట్టుకున్నవాళ్లు తామే నడుపుతున్నామనుకుంటారు. బండి ఎక్కడ ఆగాలో మాత్రం పక్కనున్నవాడి కాలు చెబుతుంది. ఇంట్లో సోఫాలో కూర్చున్నా అతని కుడికాలు నేలను నొక్కుతూనే ఉండేది. నేను ఫోన్లో కాస్త ఎక్కువసేపు నవ్వితే ఆ పాదం కదిలేది. కూరలో నా ఇష్టానికి ఉప్పు వేసుకున్నా కదిలేది. మా అక్క అతనికి డబుల్ బ్రేక్ అని పేరు పెట్టింది. విడాకుల తర్వాత ఆ పేరు ఇంకా బాగా అతికింది. బండి దిగిపోయినా నామీంచి కాలు తియ్యలేదు.

మేమిద్దరం ఫోన్లో మాట్లాడుకోకూడదనీ, పాప గురించి ఏం చెప్పుకోవాలన్నా ఒక యాప్‌లోనే రాసుకోవాలనీ ఫ్యామిలీ కోర్టు ఆర్డరు వేసింది. అందులో రాసింది చెరపడానికి ఉండదు. ఎదుటివాళ్లు చదివారో లేదో తెలిసిపోతుంది. కావాలంటే జడ్జిగారు కూడా చూడొచ్చు. ఆ మాట విని హమ్మయ్య అనుకున్నాను. జడ్జి చూస్తారని తెలిశాక ఎవడు తిడతాడు?

అతను తిట్టలేదు. మర్యాదగా రాశాడు.

'అమ్మాయి గోళ్లు కత్తిరించకుండా పంపారు. మీకు పని ఒత్తిడి ఎక్కువగా ఉందని అర్థం చేసుకోగలను. వీలుకాకపోతే చెప్పండి, అమ్మాయిని నా దగ్గరే ఉంచుకోవడానికి అభ్యంతరం లేదు. ఇందులో కోపమేమీ లేదు. పిల్ల క్షేమం కోసమే.'

కాపురంలో ఎన్నడూ నన్ను 'మీరు' అనని మనిషి. ఆ 'మీరు' తిట్టుకన్నా గట్టిగా తగిలేది.

నేను పళ్ల ల్యాబ్‌లో పనిచేస్తాను. డాక్టర్లు పంపిన అచ్చులు చూసి కట్టుడు పళ్లు తయారుచేస్తాం. వెంట్రుకవాసి తేడా వచ్చినా పెట్టుకున్న మనిషి చిగురు పుండైపోతుంది. చేతులు వణక్కూడని పని. ఆ రోజు ఒక ముసలావిడ కింది దవడ సెట్టు మైనంలో అమరుస్తున్నాను. ఫోన్ టింగుమంది. చూశాను. పాప జుట్టులో చుండ్రు ఉందట. 'తల్లి శుభ్రత పిల్లకి వస్తుంది' అని ముగించాడు.

ఆ సెట్టు తిరిగొచ్చింది. పళ్లన్నీ ఎడమవైపు వాలిపోయి, గాలికి ఒరిగిన దడిలా ఉన్నాయి. అంతకుముందు వారం ఇంకొకటి తిరిగొచ్చింది. మా ఓనరు దాన్ని నా బల్లమీద పెట్టి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఏదన్నా అన్నా బాగుండేది.

చుండ్రు రోజు సెట్టు తిరిగొచ్చిన సాయంత్రం అక్క వచ్చింది. సంగతి విని నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"పాస్‌వర్డ్ చెప్పు."

"ఎందుకే?"

"ఈ యాప్ నీ ఫోన్లో ఉన్నంతకాలం నువ్వు చేసిన పళ్లు ఏ నోట్లోనూ పట్టవు. ఇకనుంచి నేను చదువుతా. నీకు విషయం మాత్రం చెబుతా. జవాబు నేనే కొడతా."

మా అక్క ఉద్యోగం అదే. ఫ్రిజ్‌ల కంపెనీలో ఫిర్యాదుల విభాగం. రోజంతా జనం ఫోన్ చేసి తిడుతూ ఉంటారు. ఆ తిట్ల వరదలోంచి విషయాన్ని చేపపిల్లలా పట్టి కంప్యూటర్లో వెయ్యడం అక్క పని. 'మీ వంశం నాశనమైపోను, మందులన్నీ పాడైపోయాయి, మీకు పుట్టగతులుండవు' అని ఒకావిడ పావుగంట ఏడిస్తే అక్క రాసేది ఒక్క ముక్క: చల్లదనం లోపం. ఆఫీసులో అంత బాగా వడకట్టేవాళ్లు లేరని ఏటా బహుమతి ఇస్తారు.

"ఇదిగో చూడు," అంది చుండ్రు మెసేజ్ చూపిస్తూ. "ఇన్ని వాక్యాలున్నాయా? ఇందులో విషయం ఏంటి? షాంపూ. అంతే. మిగతాదంతా పొల్లు. చెత్తబుట్టలోకి."

చాలా రోజుల తర్వాత నవ్వాను. జవాబుగా అక్క ఒక్క మాట కొట్టింది: అందింది.

"ఇంతేనా?"

"ఇంతే. ఎవడేం వాగినా 'అందింది'. గోడకేసి బంతి కొట్టినట్టుండాలి. ఎన్నాళ్లు కొడతాడో చూద్దాం."

నా కేసు చూసే లాయరమ్మ కూడా భేష్ అంది. యాప్‌ని నా ఫోన్లోంచి తీసేసి అక్క ఫోన్లో పెట్టాం. చేతులు కుదురుకున్నాయి. నిద్ర పట్టింది. అక్క లేకపోతే నేనేమైపోయేదాన్నో అని ఎందరితో చెప్పానో.

*

వేసవి సెలవులు సగం నా దగ్గర, సగం అతని దగ్గర. అవి అయిపోగానే విచారణ. పాపని పూర్తిగా తన దగ్గరే ఉంచాలని అతను వేసిన పిటిషన్ మీద జడ్జిగారు పాపని గదిలోకి పిలిచి మాట్లాడతారు. కేసంతా ఆ గదిలోనే తేలుతుందని లాయరమ్మ ముందే చెప్పింది.

"ఒకటి గుర్తుపెట్టుకోమ్మా. పిల్లకి ఏమీ నేర్పకండి. ఇలా చెప్పు, అలా అను, ఏదీ వద్దు. నేర్పారని తెలిస్తే కేసు పోయినట్టే. మీ అక్కగారిని సాక్షిగా వేస్తున్నాం. ఆవిడని కూడా బోనెక్కించి అడుగుతారు, మీ చెల్లెలు పాపకి ఏమైనా నేర్పిందా అని."

"సరే మేడమ్," అన్నాను.

నేర్పకుండా ఎలా పంపను?

పాపని మేమందరం పిచ్చుక అంటాం. నాలుగో తరగతి పూర్తిచేసింది. గదిలో ఒకచోట నిలవదు, నోరు ఆగదు. అతని దగ్గరికి వెళ్లాల్సిన రోజు పొద్దున బట్టలు సర్దుతుంటే పిచ్చుక మంచం అంచున మాట్లాడకుండా కూర్చుంది. అది చూసే నాకు భయం వేసింది.

"అమ్మా, నీకు ఫోన్ చేస్తే నాన్న పక్కనే కూర్చుని స్పీకర్ పెట్టమంటారు. నీతో ఏం చెప్పాలన్నా నాన్నకి వినిపిస్తుంది."

"ఏం చెప్పాలి నాకు?"

"ఏమో. చెప్పాలనిపిస్తే?"

తలుపు వెనక కొక్కేనికి దాని ఎర్ర ఉన్ని టోపీ వేలాడుతోంది. పైన బంతిలాంటి కుచ్చు. చలికాలమంతా దాన్ని తల మీంచి తియ్యలేదు. బయట తారు కరిగే ఎండ.

"ఇదిగో," అన్నాను. "నీకు అక్కడ అస్సలు ఉండలేననిపిస్తే, నా టోపీ మర్చిపోయానమ్మా అని అను. చాలు. టోపీ మాట నా చెవిన పడిందా, ఆ రోజే వచ్చేస్తా. లాయరమ్మని వెంటబెట్టుకుని, పోలీసుల్ని వెంటబెట్టుకుని, ఎలాగైనా."

పిచ్చుక కళ్లు మెరిశాయి. "ఎండాకాలంలో టోపీ ఏంటి అంటారు నాన్న!"

"అందుకే అదైతే మనకి తేలిగ్గా తెలుస్తుంది."

"పెద్దమ్మకి చెప్పనా?"

"వద్దు. మనిద్దరికే."

అక్క నోట్లో నువ్వుగింజ నానదు. పైగా సాక్షి. బోనెక్కి అబద్ధం చెప్పమని అక్కని ఎలా అడగను? తెలియకపోతే చెప్పాల్సిన పనే లేదు. ఇది నేను బాగా ఆలోచించి చేసిన పనే. ఇప్పటికీ ఇందులో తప్పెక్కడుందో వేలుపెట్టి చూపలేను.

డ్రైవింగ్ స్కూలు గేటు దగ్గర దింపాను. అతను చొక్కా గుండీ మెడదాకా పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నాతో మాట్లాడకూడదు కాబట్టి పాపతో మాట్లాడాడు.

"అమ్మకి టాటా చెప్పమ్మా. అమ్మ పాపం బిజీ. ఈమధ్య మూడక్షరాల కన్నా ఎక్కువ రాసే తీరిక కూడా ఉండట్లేదు."

పిచ్చుక నా వైపు చూసి, రెండు చేతులూ తలమీద పెట్టుకుని టోపీ లాక్కున్నట్టు లాక్కుంది. నవ్వింది. గేటు మూసుకుంది.

*

మొదటివారం పిచ్చుక ఫోన్ చేసింది. "బాగున్నానమ్మా. తిన్నానమ్మా. ఉంటానమ్మా." వెనక అతని దగ్గు.

తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. తల్లిదండ్రుల మధ్య సంభాషణ యాప్‌లోనే జరగాలని ఆర్డరులో ఉంది కాబట్టి అమ్మాయి సమాచారం కూడా యాప్‌లోనే తెలియజేస్తానని రాశాడట. లాయరమ్మ తలపట్టుకుంది. ఆర్డరులో పిల్ల ఫోన్ల గురించి రాయలేదు. ఆ సందు అతనికి దొరికింది. అర్జీ వేస్తే విచారణ నాటికే తేలుతుంది, ఈలోపు కంగారుపడి గేటు దగ్గర గొడవచేస్తే అతను కోరుకునేది అదే, అంది.

ఇక నాకు మిగిలింది అక్క.

రోజూ ల్యాబ్ నుంచి నేరుగా అక్క ఇంటికి వెళ్లేదాన్ని. అక్క వంటగదిలో కూరలు తరుగుతూ ఉండేది. ఫోన్ గట్టుమీద.

"చెప్పవే."

"విషయం: బాగుంది. తింటోంది. కొత్త చెప్పులు కొన్నాడు. అంతే."

"ఇంకేమీ రాయలేదా?"

"ఎందుకు రాయడు? రామకోటి రాసినట్టు రాస్తాడు. నీకు పనికొచ్చేది అంతే."

ఇంకోరోజు అడిగాను. గొంతు మామూలుగా ఉంచడానికి మంచినీళ్లు తాగి మరీ అడిగాను. "సామాన్లేమైనా కావాలన్నాడా? పాపవి? ఏమైనా మర్చిపోయిందని?"

అక్క కత్తిపీట మీద చెయ్యి ఆపింది. నా మొహంలోకి చూసింది.

"చూడు మళ్లీ మొదలెట్టావ్," అంది. "బట్టలు సరిగ్గా సర్దలేదనీ, నువ్వు పెంచే తీరు బాగోలేదనీ ఏదో గొణుగుడు. ఎప్పుడూ ఉండేదే. అందింది అని కొట్టేశా. అవి నీ బుర్రలోకి ఎక్కించుకోకు, నీకు దణ్ణం పెడతా. రేపు మళ్లీ పళ్లన్నీ వంకర్లు పోతాయి."

"సామాన్ల గురించి ఏం లేదుగా?"

"చెప్పాల్సిందైతే చెప్పనటే? నా పనే అది."

నిజమే. అక్క పనే అది. ఊపిరి పీల్చుకున్నాను. టోపీ లేదు. అంటే పిచ్చుక బాగుంది. ఆ వారం నేను చేసిన పళ్ల సెట్లు అన్నీ మొదటిసారికే నోట్లో కూర్చున్నాయి. ఓనరు నా బల్ల దగ్గర ఆగి, "చెయ్యి తిరిగిందమ్మా," అన్నాడు. ఇంటికొచ్చి కొక్కేనికున్న టోపీని చూసినప్పుడల్లా దాని కుచ్చుని ఒకసారి తట్టేదాన్ని. ఏమీ లేదు, ఏమీ లేదు.

*

సెలవులు అయ్యాయి. గేటు దగ్గర పిచ్చుక నా చెయ్యి పట్టుకుంది. పరుగెత్తుకు రాలేదు. నడిచి వచ్చింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఎండకి చెవుల చివర్లు నల్లబడ్డాయి.

"ఏం చేశావే రోజంతా?"

"కారులో."

"ఎక్కడికెళ్లారు?"

"ఎక్కడికీ లేదు. నేర్చుకునేవాళ్లు నడుపుతారు కదా. నేను వెనక సీట్లో. ఇంట్లో ఒక్కదాన్నీ ఉండకూడదన్నారు నాన్న."

"రోజంతానా?"

"ఊఁ. వాళ్లు తప్పుచేస్తే నాన్న కారు ఆపించి నన్నడుగుతారు, ఏం తప్పు చేశారో చెప్పమ్మా అని. నేను చెప్పాలి. ఒకాంటీ ఏడ్చేసింది." కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "నేను సరిగ్గానే చెప్పాను."

డ్రైవరు బస్సుని మలుపు తిప్పాడు. పిచ్చుక కుడికాలు నేలని గట్టిగా నొక్కింది. దానికే తెలియకుండా.

ఇంటికి వచ్చాక వంటగది గుమ్మంలో నిలబడింది. "నీళ్లు తాగొచ్చా?"

"అదేంటే, మనిల్లే కదా!"

తాగొచ్చు అని నేను అనేదాకా కదల్లేదు. తాగి, గ్లాసు కడిగి, బోర్లించింది. గదిలోకి వెళ్లి తలుపు వెనక చూసింది. టోపీ అక్కడే ఉంది. దాన్ని చూసింది, నన్ను చూసింది, బ్యాగు విప్పుకోవడం మొదలుపెట్టింది.

అలిసిపోయింది అనుకున్నాను. రెండ్రోజుల్లో మామూలుగా అవుతుంది అనుకున్నాను. అక్క కూడా అదే అంది. "డబుల్ బ్రేక్ దగ్గరినుంచి వచ్చింది, ఇంజను చల్లారొద్దూ?"

*

విచారణకి ముందు లాయరమ్మ ఆఫీసుకి పిలిచింది. మధ్యాహ్నం. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద స్టాప్లరు పెట్టి ఉంది.

"యాప్‌లో మెసేజ్‌లన్నీ మీ అక్కగారి చేత పంపించుకుని ప్రింటు తీయించాను. మనం ఎంత సంయమనంగా ఉన్నామో చూపించడానికి పనికొస్తాయి. ఎంత రెచ్చగొట్టినా 'అందింది' తప్ప వేరే మాట లేదు. బంగారం లాంటి సాక్ష్యం. మీరూ ఒకసారి చూడండి, రేపు అడిగితే తెలియాలి కదా."

ఒకసారి చూడడానికే తీసుకున్నాను. అక్క వడకట్టకపోతే ఎలా ఉంటుందో మొదటి పేజీలోనే తెలిసింది. తిప్పుతూ పోయాను. చెప్పులు. భోజనం. నా పెంపకం. ఆర్డరు. ఫోన్లు.

తర్వాత:

'అమ్మాయి తన ఎర్ర ఉన్ని టోపీ మీ దగ్గర మర్చిపోయిందట. ఈ ఎండల్లో ఉన్ని టోపీ దేనికంటే సమాధానం లేదు. పిల్లకి ఏ కాలంలో ఏది అవసరమో కూడా నేర్పకుండా పెంచారని మీ దృష్టికి తెస్తున్నాను.'

కింద: అందింది.

నాలుగు రోజుల తర్వాత:

'టోపీ సంగతి మళ్లీ అడుగుతోంది. అమ్మకి రాశారా, అమ్మ ఏమంది అని ప్రాణం తీస్తోంది. ఈ మొండితనం ఏ వైపు నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.'

కింద: అందింది.

ఆ వారం చివర:

'సంతోషకరమైన విషయం. అమ్మాయి టోపీ గురించి అడగడం మానేసింది. మీ జవాబులు తనకి చూపించాను. అర్థం చేసుకుంది. నా దగ్గర పిల్ల క్రమశిక్షణలో పడుతోందనడానికి ఇది నిదర్శనం.'

కింద: అందింది.

ఫోన్ లాక్కున్నా, స్పీకర్ పెట్టినా, అన్ని దారులూ మూసినా, నా పిచ్చుక అతని చేతే రాయించింది. అతని చేత్తోనే, అతని సాధింపు మధ్యలోనే పెట్టి పంపింది. తొమ్మిదేళ్ల పిల్ల. అతనికి అనుమానమే రాలేదు.

మా అక్క కూడా అనుమానపడలేదు.

"ఏమ్మా, అలా అయిపోయారేం?" అంది లాయరమ్మ. "నీళ్లు తాగుతారా?"

చెప్పాలనుకున్నాను. చెబితే ఏమని చెప్పాలి? పిల్లకి నేను గుర్తు నేర్పాననా? నేర్పారని తెలిస్తే కేసు పోయినట్టే అన్నది ఆవిడే.

"ఏం లేదు మేడమ్. ఎండ," అన్నాను.

*

పిచ్చుకని ల్యాబ్‌కి తీసుకెళ్లాను. ఇంట్లో చెప్పలేకపోయాను. ఆదివారం, ఎవరూ లేరు. దానికి నా బల్ల ఇష్టం. మైనం ముద్ద ఇస్తే ఎప్పుడూ ఏదో ఒక బొమ్మ చేసేది. ఆ రోజు ముద్దని అరచేతిలో పెట్టుకుని ఊరికే కూర్చుంది.

"టోపీ సంగతి నాకు తెలియలేదమ్మా," అన్నాను.

మైనం ముద్దని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"నిన్ననే చూశాను. ఒట్టు. నాన్న రాసేవి పెద్దమ్మ చదువుతుంది. టోపీ మాట నాకు చెప్పలేదు. పెద్దమ్మకి తెలియదు కదా మన సంగతి. నాన్న ఊరికే సాధిస్తున్నారనుకుంది."

"'అందింది' అని ఉంది. నాన్న చూపించారు."

"అది పెద్దమ్మ కొట్టింది."

"నీ పేరే ఉంది దానిమీద."

"నా పేరుతో పెద్దమ్మ కొడుతుంది."

మైనాన్ని బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. ఆ గుంటనే చూస్తూ అడిగింది.

"నువ్వెందుకు చదవలేదు?"

జవాబు ఉంది నా దగ్గర. నాన్న రాతలు చదివితే నా చేతులు వణుకుతాయి, పళ్లు వంకర్లు పోతాయి, ఉద్యోగం పోతుంది, ఉద్యోగం లేని తల్లికి పిల్లని ఇవ్వరు. అన్నీ నిజాలే. ఒక్కొక్కటీ పేర్చుకుంటూ వచ్చి, దాని మొహం చూశాక ఒక్కటీ నోటి వెంట రాలేదు.

"భయం వేసింది," అన్నాను.

తలూపింది. అర్థం చేసుకున్న పెద్దమనిషిలా. నాకు కూడా, అని అంటుందేమోనని ఎదురుచూశాను. అనలేదు. మైనం ముద్దని గుండ్రంగా చేసి, డబ్బాలో పెట్టి, మూత పెట్టింది.

"ఇంటికెళ్దామా?"

*

కోర్టు వరండాలో రెండు బెంచీలు. ఒకదానిమీద అతను, మెడదాకా గుండీలు, కుడికాలు నేల మీద. ఇంకోదానిమీద నేను, అక్క. పిచ్చుక జడ్జిగారి గదిలోకి వెళ్లేముందు మా ఇద్దరి మధ్యనుంచి నడిచింది. ఎవరి వైపూ చూడలేదు.

అక్క నా చెవిలో అంది: "పిచ్చిదానా, ఏడవకు. రోజంతా కారులో ఎండబెట్టినవాడి దగ్గరికి పోతానంటుందా?"

తలుపు తెరుచుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు.

ఆర్డరు లాయరమ్మ చదివి చెప్పింది. బడి రోజులన్నీ తండ్రి దగ్గర. నెలలో రెండు ఆదివారాలు నా దగ్గర. సంభాషణ యాప్‌లోనే. ఆవిడ గొంతులో అవమానం ఉంది, గెలుస్తామని నమ్మింది.

"ఎక్కడ ఉంటావని అడిగితే నాన్న దగ్గర అందట. ఎందుకమ్మా అని అడిగారట. దాని జవాబు కూడా రాశారు ఇక్కడ. 'నాన్న అన్నీ చదువుతారు.'" కళ్లద్దాలు తీసి నన్ను చూసింది. "తండ్రి చదువు విషయంలో శ్రద్ధ తీసుకుంటున్నాడని జడ్జిగారు అర్థం చేసుకున్నారు. ఏంటమ్మా అది? ఆయన పిల్లకి పాఠాలు చెబుతాడా?"

"లేదు మేడమ్."

"మరి?"

అక్క నా భుజం మీద చెయ్యి వేసి ఉంది. ఆ చెయ్యి వేడిగా, బరువుగా, నాకోసం ఎవరినైనా కొట్టడానికి సిద్ధంగా ఉంది.

"తెలియదు," అన్నాను.

*

బట్టలు సర్దాను. టోపీ కొక్కెం మీంచి తీసి బ్యాగు పైన పెట్టాను. పిచ్చుక దాన్ని తీసి మళ్లీ కొక్కేనికి తగిలించింది.

"చిన్నదైపోయిందమ్మా," అంది. చాలా మర్యాదగా.

అది వెళ్లిన రోజే యాప్‌ని మళ్లీ నా ఫోన్లో పెట్టుకున్నాను. అక్క కోప్పడింది.

"మతి పోయిందా? నేనున్నాగా!"

"నీకెందుకు శ్రమ అనీ."

"శ్రమేంటే, నా పనే అది!"

"తెలుసక్కా."

అంతకంటే చెప్పలేదు. చెప్పను కూడా. నాకోసం బోనెక్కి, దేవుడి మీద ప్రమాణం చేసి, మా చెల్లెలు పాపకి ఏమీ నేర్పలేదని తనకు తెలిసిన నిజం చెప్పింది అక్క. దాన్ని ఆ నిజంతోనే బతకనిస్తాను.

ఇప్పుడు అతను రోజూ రాస్తాడు. ఇంతకుముందుకన్నా పొడుగ్గా. పంపిన నిమిషంలోనే చదివినట్టు అటు తెలుస్తుంది కదా. బండి మళ్లీ కాలికింద ఆగుతోందని అతనికి అర్థమైంది. నా శుభ్రత, నా ఉద్యోగం, నా అక్క, నా వయసు. మొదటి మాట నుంచి చివరి మాటదాకా చదువుతాను. సాధింపులు ఇంకా నిదానంగా చదువుతాను, ఏముంటే వాటి మధ్యలోనే ఉంటుంది కాబట్టి. ల్యాబ్‌లో మళ్లీ సెట్లు తిరిగొస్తున్నాయి. ఓనరు ఏమీ అనడు.

చలి మొదలైంది. నిన్న అతను రాశాడు, అమ్మాయికి కొత్త స్వెటరు కొన్నాననీ, తల్లి ఇలాంటివి పట్టించుకునే మనిషి కాదు కాబట్టి తానే చూసుకోవాల్సి వస్తోందనీ. రెండుసార్లు చదివాను. మూడోసారి చదివాను.

ఈ కాలంలో టోపీ అడిగితే ఎవరూ ఎందుకని అడగరు. పిచ్చుక అడగలేదు.